డిపాజిట్ పోతే అనర్హత రాదు, లెక్కలివ్వకపోతే వస్తుంది

ప్రశ్న: నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. అదే జీవనాధారం. అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నాలుగుసార్లు పోటీ చేశాను. నాలుగుసార్లూ డిపాజిట్ గల్లంతైంది. కరపత్రాలు నా ప్రెస్‌లోనే వేసుకున్నాను. పోయినసారి ఫలితాలు వచ్చాక ఖర్చుల లెక్కలు ఇవ్వలేదు. ఓడిపోయినవాడి లెక్కలు ఎవరికి కావాలిలే అనుకున్నాను. ఇప్పుడు ఎన్నికల సంఘం నుంచి నోటీసు వచ్చింది. ఇన్నిసార్లు ఓడినవాళ్లు మళ్లీ నిలబడకూడదని రూల్ ఏమైనా ఉందా? ఎన్నికల ఖర్చును ప్రెస్ ఖర్చుల్లో చూపించుకోవచ్చా? రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు ఫారాలు, రిజిస్టర్లు అచ్చువేసే ఆర్డర్ చేతిలో ఉంది. దానివల్ల ఇబ్బంది వస్తుందా? ఇల్లు జప్తు చేస్తారేమోనని ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ముందు నోటీసు సంగతి చూడండి. మిగతా సందేహాలు నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, దీనికి మాత్రం గడువుంది. నోటీసు మీ చేతికి అందిన రోజు నుంచి 20 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి రాతపూర్వకంగా వివరణ పంపాలి. ఆ వివరణ కాపీని, ఇంతవరకూ ఇవ్వని ఖర్చుల లెక్క మొత్తాన్ని జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. వివరణ ఒక్కటే పంపి లెక్కలు తర్వాత చూద్దామనుకుంటే కుదరదు. నోటీసు వచ్చిన కవరు పారేయకండి. ఏ రోజు అందిందో చూపించాల్సి వస్తే అదే ఆధారం.

గెలిచినా ఓడినా, ఒక్క ఓటు వచ్చినా, ప్రతి అభ్యర్థీ ఫలితం ప్రకటించిన తేదీ నుంచి 30 రోజుల్లో లెక్కలు దాఖలు చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 78వ సెక్షన్ చెబుతోంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు, ఆ రెండు రోజులూ కలిపి, చేసిన ప్రతి ఖర్చూ అందులో ఉండాలి. సరైన కారణం లేకుండా లెక్కలు ఇవ్వకపోయినా, చట్టం చెప్పిన పద్ధతిలో ఇవ్వకపోయినా 10ఏ సెక్షన్ కింద ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హత వేటు వేయవచ్చు. ఆ మూడేళ్లూ ఉత్తర్వు ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతాయి.

ఎమ్మెల్యే ఎన్నికలు ఎలాగూ ఐదేళ్లకోసారే, మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. అది పొరపాటు. రాష్ట్ర శాసనసభకు పోటీ చేయడానికి ఏ చట్టం కిందైనా అనర్హులైనవారు పంచాయతీలకూ అనర్హులేనని రాజ్యాంగంలోని 243ఎఫ్ అధికరణ చెబుతోంది. మునిసిపాలిటీల విషయంలో 243వి అధికరణ కూడా అదే చెబుతోంది. అంటే ఈ మూడేళ్లలో ఉప ఎన్నికే కాదు, వార్డు సభ్యుడి ఎన్నికకు కూడా మీరు దూరమవుతారు. ఓటు హక్కు మాత్రం పోదు.

వివరణలో ఏం రాయాలి? నిజం రాయండి. ఆ 30 రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నారా, ఇంట్లో ఎవరైనా పోయారా? అలాంటివి ఉంటే కాగితాలు జతచేయండి. ఏమీ లేకపోతే లేని జబ్బుకు సర్టిఫికెట్ పుట్టించవద్దు. ‘ఓడిపోయాను కాబట్టి అక్కర్లేదనుకున్నాను’ అనేది చట్టం దృష్టిలో బలమైన కారణం కాదు, ఆ మాట మీకు దాచకుండా చెప్పాలి. అయినా పూర్తి లెక్క జతచేసి, ఆలస్యాన్ని ఒప్పుకుని రాసినవారి పరిస్థితి, మౌనంగా ఉండిపోయినవారి పరిస్థితి కన్నా ఎప్పుడూ మెరుగే. ఒకవేళ అనర్హత వేటు పడినా, దాన్ని తొలగించమనో కాలం తగ్గించమనో 11వ సెక్షన్ కింద ఎన్నికల సంఘాన్నే కోరవచ్చు.

ఈ విషయంలో ఎక్కువగా దెబ్బతినేది ఇండిపెండెంట్లేనని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. పెద్ద పార్టీ అభ్యర్థికి లెక్కలు రాసే మనిషి వేరే ఉంటాడు, ఆడిటర్ ఉంటాడు. సొంత డబ్బుతో నిలబడ్డవారు పొద్దున గడపగడపకూ తిరిగి, రాత్రి దుకాణం లెక్క చూసుకుని పడుకుంటారు. ఇక ఎన్నికల రిజిస్టర్ ఎవరు రాస్తారు? రిటర్నింగ్ అధికారి ఇచ్చే ఆ పుస్తకంలో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకు లావాదేవీలకు. ఏ రోజుది ఆ రోజే రాయాలి, బిల్లులు దాచాలి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. మొత్తం ఎన్నికలో ఒకరికి 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు, మించితే బ్యాంకు ద్వారానే చెల్లించాలి.

మీ ప్రెస్‌లో వేసుకున్న కరపత్రాలకు ఎవరికీ డబ్బు కట్టలేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటున్నారేమో. కాగితం, ఇంకు, ప్లేట్లు, పనివాళ్ల కూలి అన్నీ ఎన్నికల ఖర్చే. జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన రేట్లతో పోల్చి చూస్తారు కాబట్టి ఆ పద్దు విడిచిపెట్టకండి. ఇక 127ఏ సెక్షన్ మీకు రెండు వైపులా తగులుతుంది. ప్రతి కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రచురించేవారు సంతకం చేసి, తమను ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసిన డిక్లరేషన్ రెండు కాపీలు ప్రెస్‌కు ఇవ్వాలి. అచ్చయ్యాక ఒక కాపీని కరపత్రంతో కలిపి అధికారులకు పంపాలి. అచ్చు వేయించుకునేదీ వేసేదీ మీరే అయినా ఈ కాగితాలు తప్పవు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇన్నిసార్లు ఓడితే ఇక నిలబడకూడదా అంటే, అలాంటి రూల్ ఏదీ లేదు. తమిళనాడులోని మేట్టూరుకు చెందిన కె. పద్మరాజన్‌ది టైర్ల రిపేరు దుకాణం. 1988 నుంచి 200కు పైగా ఎన్నికల్లో నిలబడి అన్నింటిలోనూ ఓడారు. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుపైనా పోటీ చేశారు. ఓడినందుకు ఆయన్ను ఏ చట్టమూ ఆపలేదు. మిమ్మల్నీ ఆపదు. మళ్లీ నిలబడాలన్న మీ కోరికను నేను గౌరవిస్తాను.

డిపాజిట్ సంగతి: అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ వస్తేనే వెనక్కి ఇస్తారు. లక్షన్నర ఓట్లు చెల్లితే 25,000 వచ్చినా చాలదు, 25,001 రావాలి. ఈ లెక్కలో నోటా ఓట్లు కలపరు. పాత డిపాజిట్లు తిరిగి రాబట్టుకునే దారి లేదు.

ఎన్నికల ఖర్చును ప్రెస్ ఖర్చుల్లో చూపించవద్దు. పూర్తిగా వ్యాపారం కోసం చేసిన ఖర్చుకే ఆదాయపు పన్నులో మినహాయింపు. ప్రచార సామగ్రికి ప్రెస్ జీఎస్టీ నంబరు మీద కాగితం కొని ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, ఆ మేరకు వెనక్కి కట్టాల్సి వస్తుంది. మీ ఆడిటర్‌తో ఇప్పుడే మాట్లాడండి. ఎన్నికల సంఘానికి ఒక లెక్క, పన్ను శాఖకు మరో లెక్క చూపితే రెండు చోట్లా ఇరుక్కుంటారు.

ప్రభుత్వ ఆర్డర్ విషయంలో జాగ్రత్త అవసరం. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఏ సెక్షన్ ప్రకారం, వ్యాపారంలో భాగంగా రాష్ట్ర ప్రభుత్వానికి వస్తువులు సరఫరా చేసే కాంట్రాక్టు నడుస్తున్నంతకాలం అసెంబ్లీకి పోటీ చేయడానికి అనర్హులు. నామినేషన్ల పరిశీలన రోజుకు ఆ కాంట్రాక్టు ముగిసి ఉండాలి. సరుకంతా అప్పగించేసి, బిల్లు డబ్బు మాత్రమే రావాల్సి ఉంటే కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదు, ఆ మేరకు చట్టంలోనే వివరణ ఉంది. ఆఖరి విడత అందజేశాక ఆఫీసు నుంచి పని పూర్తయినట్టు తేదీతో కాగితం తీసుకోండి. పరిశీలన బల్ల దగ్గర ప్రత్యర్థి అభ్యంతరం చెబితే, చూపించడానికి మీ చేతిలో అదే ఉంటుంది.

ఇల్లు జప్తు భయం మాత్రం ఇంట్లోవాళ్లు వదిలేయవచ్చు. అనర్హత అప్పు కాదు, దాని కోసం ఆస్తి జప్తు చేయరు. పోటీ కోసం ఇంటి మీదో ప్రెస్ మీదో బ్యాంకు అప్పు తెచ్చి ఉంటే అది వేరే విషయం, ఆ వాయిదాలు కట్టకపోతే బ్యాంకు తన దారి తాను చూసుకుంటుంది. అలాంటి అప్పు ఉంటే ఈసారి నామినేషన్ అఫిడవిట్‌లో తప్పకుండా రాయండి. ఏ గడినీ ఖాళీగా వదలకండి, చెప్పడానికేమీ లేకపోతే ‘లేదు’ అని రాయండి. గడులు ఖాళీగా వదిలి, గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

ఈ వారంలో పాత బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, రిజిస్టర్ ఒకచోట చేర్చి, నోటీసుతో సహా మీ ఊళ్లోని న్యాయవాదికి చూపించండి. లెక్కలు జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి.