రెండో ఇన్‌స్టలేషన్ పెట్టుకుంటున్న మేనకోడలికి

చిన్నీ,

విమానం నడిపే సిమ్యులేటర్ ఎక్స్-ప్లేన్ 12ని, మొదటిది మొరాయిస్తే పోల్చి చూసుకోవడానికి, మరో చోట శుభ్రంగా పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నా ఒళ్లో కూర్చుని థ్రాటిల్ మాత్రం తోసే పిల్లవి, ఇంత దూరం ఆలోచిస్తున్నావంటే ఎంత మురిసిపోయానో! కానీ ఇప్పుడున్న ఫోల్డర్‌నే కాపీ చేసి, అందులోంచి యాడాన్లు, అంటే నువ్వు విడిగా తెచ్చి వేసుకున్నవి, తీసేస్తానన్నావట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అలా చెయ్యకు తల్లీ.

కాపీ చేస్తే ప్రిఫరెన్సెస్‌లోని పాత సెట్టింగులన్నీ వెంటే వస్తాయి. ఏ ప్లగిన్ (సిమ్యులేటర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఏ మూల ఏ ఫైలు వదిలిందో నువ్వు వెతికి పట్టుకోలేవు. ఇన్‌స్టాలర్‌తో కొత్త ఫోల్డర్‌లో మొదటి నుంచి పెట్టు. డిస్క్‌లో చోటు చాలకపోతే నువ్వు ఎగిరే ప్రాంతం సీనరీ, అంటే కింద కనిపించే నేల దృశ్యాలు, ఒక్కటే దించుకో. మిగతా చోట్ల నీళ్లు కనిపిస్తాయి, ఫర్వాలేదు. రెండు ఫోల్డర్లకీ పొరపాటున కూడా కలవని పేర్లు పెట్టు. నిద్రమత్తులో ఒకటి డిలీట్ చెయ్యబోయి రెండోది చేస్తావేమోనని నా భయం.

అసలు సంగతి పెట్టడం కాదు, దాన్ని ముట్టుకోకుండా ఉంచడం. నా స్నేహితుడు ఒకాయన ఎంతో శ్రద్ధగా రెండోది పెట్టుకున్నాడు. కొన్నాళ్లకి వాతావరణం ప్లగిన్ ఒకటి తెచ్చి, "పోల్చి చూడ్డానికేగా" అంటూ అందులోనూ వేశాడు. ఆ తర్వాత సిమ్యులేటర్ ల్యాండింగ్‌కి ముందు పదేపదే ఆగిపోవడం మొదలైంది. రెండో దాంట్లో చూస్తే అక్కడా అదే వరస. ఇంకేముంది, తప్పు గ్రాఫిక్స్ కార్డుదేనని తేల్చేసి కొత్త కార్డు కొన్నాడు. అయినా ఆగిపోవడం మానలేదు. విసిగిపోయి ఎగరడమే మానేస్తానన్నాడు పాపం. చివరికి ఇద్దరం కూర్చుని రెండు ఫోల్డర్లలోని లాగ్ ఫైళ్లు, అంటే సిమ్యులేటర్ తను చేసిన పనులు రాసుకునే ఫైళ్లు, పక్కపక్కన తెరిచాం. రెండింట్లోనూ చివరి వరసల్లో ఆ ప్లగిన్ పేరే ఉంది. తీసేస్తే రెండూ బాగుపడ్డాయి. గీటురాయికే మకిలి పట్టించుకున్నాక బంగారం ఎలా తేలుతుంది చెప్పు?

నువ్వూ వేస్తావు, నాకు తెలుసు. కొత్త విమానం దొరికితే ఆగలేవు. వేసుకో, మొదటి దాంట్లో వేసుకో. రెండో దాంట్లో మాత్రం సిమ్యులేటర్‌తోనే వచ్చిన చిన్న విమానం సెస్నా 172 చాలు. కస్టమ్ సీనరీలో గానీ, ప్లగిన్స్ ఫోల్డర్‌లో గానీ నీ చేత్తో ఏదీ పెట్టకు. ఇందులో నేను మొండివాణ్ణే.

అప్‌డేట్ వస్తే ముందు శుభ్రమైనదానికే ఇవ్వు. అందులో ఒక ఫ్లైట్ పూర్తి చేసి, అంతా సరిగ్గా ఉందనిపించాకే మొదటిదాన్ని ముట్టుకో. మొదటిది ఆగిపోతే మళ్లీ తెరిచే ముందు లాగ్ ఫైలుని వేరే చోటికి కాపీ చేసుకో, తెరిచిన ప్రతిసారీ పాతదాని చోటికి కొత్త లాగ్ వచ్చేస్తుంది. నీకు అర్థం కాకపోతే నాకు పంపు, అర్ధరాత్రైనా సరే. ఒక్కదానివే కూర్చుని ఏడవకు.

మీ మామయ్య