పెరిగిన అసెంబ్లీ కోడ్, పెరిగిన ఎర్రర్లు

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. ప్రోగ్రామ్ ఒక్క ఫైలులో ఉన్నంతకాలం బాగానే నడిచిందనీ, ఫైళ్లు విడదీసి కొత్త రొటీన్లు చేర్చేసరికి స్క్రీన్ నిండా ఎర్రర్లే అనీ రాశావు. నువ్వు వాడే అసెంబ్లర్ (అసెంబ్లీ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్) నాస్మ్ కాబట్టి దాని పద్ధతిలోనే చెబుతాను.

ముందు ఆ ఎర్రర్ ఎవరిదో చూడు. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తే అది లింకర్ మాట, అంటే అసెంబుల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి ఒకే ప్రోగ్రామ్ చేసేదాని మాట. ఒక ఫైలులో ఎక్స్‌టర్న్ (ఈ పేరు వేరే ఫైలులో ఉంది) అని రాసి, ఆ లేబుల్ (కోడ్‌లో ఒక చోటికి పెట్టిన పేరు) అసలు ఉన్న ఫైలులో గ్లోబల్ (బయటి ఫైళ్లకూ కనిపించాలి) అని రాయడం మర్చిపోయి ఉంటావు, లేదా ఆ ఆబ్జెక్ట్ ఫైలును లింకర్‌కి ఇచ్చి ఉండవు. ‘సింబల్ నాట్ డిఫైన్డ్’ అని నాస్మే అంటే, ఆ పేరు ఈ ఫైలులో దానికి దొరకలేదన్నమాట. లేబుళ్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు దానికి వేరువేరు.

స్పెల్లింగ్ సరిగ్గానే ఉన్నా ఇదే ఎర్రర్ వస్తోందా? అయితే చుక్కతో మొదలయ్యే లోకల్ లేబుళ్ల మీద అనుమానపడు. చుక్క లేబుల్, దానికి పైనున్న మామూలు లేబుల్‌కి చెందుతుంది. ఎప్పుడో రాసిన రొటీన్ మధ్యలో నువ్వు ఇవాళ ఒక మామూలు లేబుల్ పెడితే, దాని కింది చుక్క లేబుళ్లన్నీ కొత్త యజమాని కిందికి పోతాయి. పైనున్న జంప్ మాత్రం పాత పేరుతోనే వెతుకుతుంది. అందుకే నువ్వు ముట్టుకోని లైన్ మీద ఎర్రర్ పడుతుంది. ఎర్రర్‌లో చుక్కకు ముందున్న పేరు చదువు, ఎవరి కింద వెతుకుతోందో తెలిసిపోతుంది. మధ్యలో పెట్టిన లేబుల్‌కి కూడా చుక్క తగిలిస్తే సరి.

కోడ్ పొడుగయ్యేకొద్దీ వచ్చే గొడవ ఇంకోటి ఉంది. లూప్ ఇన్‌స్ట్రక్షన్ -128 నుంచి +127 బైట్ల దూరమే దూకగలదు. మామూలు కండిషనల్ జంప్‌లకు, నువ్వు షార్ట్ అని పట్టుబట్టకపోతే, నాస్మే తగిన సైజు ఎంచుకుంటుంది. లూప్‌కి ఆ వెసులుబాటు లేదు. దాని బదులు డెక్ (ఒకటి తగ్గించేది), జెఎన్‌జెడ్ (సున్నా కాకపోతే దూకేది) రాసుకో. అయితే లూప్ ఫ్లాగుల (లెక్క ఫలితం ఎలా వచ్చిందో ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే బిట్ల) జోలికి పోదు, డెక్ మాత్రం క్యారీ తప్ప మిగతా అరిథ్‌మెటిక్ ఫ్లాగుల్ని మారుస్తుంది. తర్వాతి కోడ్ ఫ్లాగుల మీద ఆధారపడుతోందేమో చూసుకో. బూట్ సెక్టర్ (కంప్యూటర్ మొదలవగానే డిస్క్ నుంచి చదివే 512 బైట్లు) రాసేటప్పుడు, మిగిలిన చోటు నింపే టైమ్స్ లైన్ విలువ నెగటివ్ అని వస్తే నీ కోడ్ 510 బైట్లు దాటింది. ఎన్ని బైట్లు ఎక్కువైందో ఆ నెగటివ్ అంకే చెబుతుంది.

‘ఆపరేషన్ సైజ్ నాట్ స్పెసిఫైడ్’ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెమరీలో అంకె వేసేటప్పుడు దాని సైజు, బైటో, డీవర్డో (నాలుగు బైట్లు) రాయి.

నాకు ఎర్రర్ల కంటే ఒక వార్నింగ్ అంటేనే ఎక్కువ టెన్షన్. లాడ్స్‌బి లాంటి ఇన్‌స్ట్రక్షన్ రాయబోయి ఒక అక్షరం తప్పు కొడితే, లైన్‌లో అదొక్కటే ఉంటే, నాస్మ్ దాన్ని లేబుల్ అనుకుంటుంది. కోలన్ లేదని వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ప్రోగ్రామ్ అసెంబుల్ అవుతుంది, ఆ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం అందులో ఉండదు. అందుకే వార్నింగ్‌లు దాచే ఆప్షన్ పెట్టకు.

మాక్రోలో (పేరు రాసిన ప్రతిచోటా విప్పుకునే కోడ్ ముక్కలో) మామూలు లేబుల్ ఉంటే, రెండోసారి పిలవగానే ‘రీడిఫైన్డ్’ అంటుంది. అక్కడ రెండు పర్సెంట్ గుర్తులతో మొదలయ్యే లేబుల్ వాడు. ఒకే ఇన్‌క్లూడ్ ఫైలు రెండుసార్లు వచ్చినా అదే ఎర్రర్. ఫైలు మొత్తాన్ని ఇఫ్‌ఎన్‌డెఫ్ (ఇదివరకు రాకపోతేనే చేర్చు) కాపలాలో పెట్టు. మాక్రో ఏం రాస్తోందో అర్థం కాకపోతే మైనస్ పెద్ద ‘ఈ’ (-E) ఆప్షన్‌తో నాస్మ్‌ని నడుపు, విప్పిన కోడ్ అంతా కనిపిస్తుంది.

ముందు పైనున్న మొదటి ఎర్రర్ ఒక్కటే సరిచేసి మళ్లీ అసెంబుల్ చెయ్యి, కిందివి చాలావరకు దాని పిల్లలే. అప్పటికీ తెగకపోతే ఆ ఎర్రర్‌నీ, దాని చుట్టూ ఉన్న రొటీన్ మొత్తాన్నీ పంపు. ఒక్క లైన్ పంపితే నేనేం చెప్పలేను.

మీ బాబాయ్