ఎటర్నౌటా రెండో భాగం తెరిచే ముందు, కిట్టూకి

కిట్టూ,

నీ మెసేజ్ చూశాన్రా. నెట్‌ఫ్లిక్స్‌లో ఎల్ ఎటర్నౌటా సిరీస్ ఆరు ఎపిసోడ్లూ అయిపోయాయి, ఇప్పుడు దానికి మూలమైన అర్జెంటీనా సైన్స్ ఫిక్షన్ కామిక్ పాతది ఒకసారి తిరగేసి వెంటనే 1976 నాటి సీక్వెల్ మొదలెడతా, వీకెండ్‌లో రెండూ లాగించేస్తా అన్నావు. వద్దు నాన్నా. కాలేజీలో ఒకసారి చదివేశాను కథ తెలుసు కదా అనుకుంటున్నావేమో, కానీ మొదటిది గుండెల్లో తాజాగా లేకపోతే రెండోది అస్సలు అర్థం కాదు, ఉత్త సీరియస్ యాక్షన్ కథలా అనిపించి పక్కన పడేస్తావు.

ముందు పాతది నిదానంగా చదువు. అది 1957 సెప్టెంబర్ నుంచి 1959 దాకా అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో వారం వారం కొన్ని పేజీల చొప్పున వచ్చిన సీరియల్, అందుకే ప్రతి కొన్ని పేజీలకీ ఒక ప్రమాదం, ఒక మలుపు, వరసపెట్టి చదివితే చెప్పిందే చెప్తున్నాడు అనిపిస్తుంది. రోజుకి కాసిన్ని పేజీలు చాలు. సిరీస్‌ని ఈ కాలానికి మార్చేశారు, హీరో హువాన్‌ని మాల్వినాస్ యుద్ధంలో, అంటే 1982లో బ్రిటన్‌తో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో, పనిచేసిన సైనికుడిగా చేశారు. పుస్తకంలో హువాన్ సాల్వో మామూలు మనిషి, ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ ఓనరు. స్నేహితులతో పేకాట ఆడుతుంటే బయట మంచు మొదలవుతుంది, తగిలినవాడు తగిలినట్టే పడిపోతాడు. ఆ స్నేహితుల్లో పోల్‌స్కీ మాత్రం ఎంతమంది ఆపుతున్నా ఇంట్లోవాళ్ళ కోసం బయటికి పరిగెడతాడు, కొన్ని అడుగులే. ఇక మిగిలినవాళ్ళు రబ్బరు గుడ్డా, డైవింగ్ మాస్కూ పెట్టి సూట్ కుట్టుకుంటారు. ఆ పేజీలు తొందరగా దాటెయ్యకు, కథ బలం అంతా అక్కడే ఉంది. ఈ కథలో హీరో ఒక్కడు కాదు, ఒక గుంపు అని రచయిత హెక్టర్ హెర్మాన్ ఓస్టెర్‌హెల్డే తర్వాత ముందుమాటలో రాశాడు.

ఇంకో సీన్ దగ్గర కూడా ఆగు. వేరే గ్రహం నుంచి దండెత్తి వచ్చిన శత్రువుల్లో ‘మానో’ అని ఒకడు దొరుకుతాడు, చేతికి బోలెడు వేళ్ళు. వాళ్ళని నడిపేవాళ్ళు ముందే వాళ్ళ ఒంట్లో ఒక గ్రంథి పెట్టేశారు, భయపడితే చాలు అదే విషం వదుల్తుంది. చచ్చిపోతూ వాడు మనుషులు వాడే కాఫీ కెటిల్ వైపు చూసి, మీ చుట్టూ ఎన్ని అద్భుతాలున్నాయో మీకు తెలుసా అన్నట్టు మాట్లాడతాడు. నాకు సైన్స్ ఫిక్షన్‌లో ఇంతకంటే గొప్ప సీన్ తెలీదు.

తర్వాత రెండోది తెరవకుండా కొన్ని రోజులు ఆగి, మధ్యలో ఏం జరిగిందో తెలుసుకో. 1969లో ఓస్టెర్‌హెల్డ్ ఇదే కథని అల్బెర్తో బ్రెచ్చా బొమ్మలతో మళ్ళీ రాశాడు, అందులో పెద్ద దేశాలు దక్షిణ అమెరికాని దండెత్తినవాళ్ళకి అప్పజెప్పేస్తాయి, అది అచ్చేస్తున్న పత్రికకి నచ్చక తొందరగా ముగించేశారు. ఆ తర్వాత ఆయనా, నలుగురు కూతుళ్ళూ మోంతొనేరోస్ అనే సాయుధ ఉద్యమంలోకి వెళ్ళారు. 1976 మార్చిలో సైన్యం అధికారం లాక్కుంది. అదే ఏడాది డిసెంబర్‌లో స్కోర్పియో పత్రికలో రెండో భాగం మొదలయ్యేసరికే బియాత్రిస్, డయానా అనే ఇద్దరు కూతుళ్ళని సైన్యం ఎత్తుకుపోయింది. ఆయన దాక్కుని రాస్తున్నాడు. 1977 ఏప్రిల్‌లో లా ప్లాతాలో ఆయన్నీ పట్టుకెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఆ ఏడాది చివరికి మిగతా ఇద్దరు కూతుళ్ళూ పోయారు. భార్య ఎల్సా, ఇద్దరు మనవలు మిగిలారు.

ఇది తెలిసి రెండోది చదువు. బొమ్మలు మళ్ళీ మొదటిది గీసిన సొలానో లోపెజ్‌వే, చెయ్యి అదే, కానీ హువాన్ మారిపోయాడు. మొదటి దాంట్లో భార్య ఎలేనా దగ్గరికి, కూతురు మార్తీతా దగ్గరికి ఎలాగైనా చేరాలని తపించిన మనిషి, ఇందులో అణుయుద్ధం అయిపోయిన భవిష్యత్తులో మామూలు మనుషులకి లేని శక్తులతో నాయకుడై కూర్చుంటాడు, గెలుపు కోసం ఎవర్నైనా వదులుకోడానికి సిద్ధం, ఇంట్లోవాళ్ళతో సహా. కథ చెప్పేది హెర్మాన్, అంటే రచయితే పాత్రగా వచ్చేశాడు, పక్కనుండి స్నేహితుణ్ణి చూసి ఒక్కోసారి భయపడుతుంటాడు. నువ్వు ఆ భయాన్నే పట్టుకుని చదువు. ఇద్దరు పిల్లలు పోయిన తండ్రి ఇలాంటి హీరోని ఎందుకు రాశాడు, పక్కన నిలబడి చూసే పాత్రకి తన పేరే ఎందుకు పెట్టుకున్నాడు అని అడుగు.

అలాగని జాలిపడి మార్కులు వెయ్యకు. రెండోది మొదటిదంత మంచి కథ కాదు, మాటలు చాలాచోట్ల ఉపన్యాసంలా ఉంటాయి, గుంపు కనుమరుగై ఒక్క కమాండరు మిగులుతాడు. సొలానో లోపెజ్‌కే ఆ రాజకీయం నచ్చలేదు. ఓస్టెర్‌హెల్డ్ చేసిన త్యాగానికి గౌరవం ఇస్తూనే పుస్తకంలో లోపం ఉంటే లోపం అనొచ్చు, ఆయన పాఠకుణ్ణి ఎప్పుడూ చిన్నపిల్లాడిలా చూడలేదు కాబట్టి నువ్వూ పెద్దవాడిలానే చదువు.

ఇంగ్లీషులో కొనేటట్టయితే 2015లో ఫాంటాగ్రాఫిక్స్ వేసిన అడ్డం సైజు ఎడిషన్ చూడు, పాత వారపత్రిక కూడా అడ్డంగానే ఉండేది, ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ చదివితే సొలానో లోపెజ్ గీసిన మొహాలు పోతాయి. బ్రెచ్చా బొమ్మలేసిన 1969 నాటిది మాత్రం రెండో భాగం అయ్యాకే చదువు. మూడో భాగం జోలికి ఇప్పుడే పోవద్దు, అది ఓస్టెర్‌హెల్డ్ రాసింది కాదు.

మీ పెదనాన్న