బాలాపూర్ బస్తీకి పనికి వెళ్తున్న మేనకోడలికి

బిడ్డా,

హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ఆడవాళ్లతో పనిచేయడానికి చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనసు నిండింది. ఆ గుడిసెల మధ్య చాలా ఏళ్లు తిరిగినదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

ముందు మనసు కుదుటపడాలి, ఆ తర్వాతే వాళ్లకు పని చూపించే సంగతి అని మీ సంస్థలో అంటున్నారట. నేను ఒప్పుకోను. రెండూ కలిసే నడవాలి. నేను చూసినంతలో వాళ్లకు నిద్ర పట్టనివ్వనిది గతం ఒక్కటే కాదు, రేపటి భయం కూడా. గుడిసె అద్దె ఎలా కట్టాలి, ఎవరైనా కాగితాలు అడిగితే ఏం చూపించాలి అన్న టెన్షన్ పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఉంటుంది. 1982 పౌరసత్వ చట్టంతో సొంత దేశం మయన్మారే వాళ్లను పౌరులు కారు పొమ్మంది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు చేతిలో ఉన్నా దానితో ఉద్యోగ హక్కు రాదు. ఆధార్ లేకపోతే బ్యాంకు ఖాతా కూడా కష్టమే. అందుకే మగవాళ్లు అడ్డా మీద కూలికి నిలబడతారు, లేదా చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకుంటారు. అలాంటి ఇంట్లో కూర్చుని ధైర్యంగా ఉండమని చెబితే ఏం లాభం? శనివారం కూలి డబ్బులు తప్పకుండా వస్తాయని తెలిస్తే ఆ రాత్రి కాస్త కన్ను మూతపడుతుంది.

నువ్వు మాత్రం ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరికీ మాట ఇవ్వకు. మాట తప్పిన మనుషులను వాళ్లు చాలామందిని చూశారు. మంగళవారం పదింటికి వస్తానంటే పదింటికే ఉండు.

2012లో, 2017లో మయన్మార్‌లోని వాళ్ల రఖైన్ రాష్ట్రంలో వాళ్ల మీద జరిగిన హింస గురించి చదువుకుని వెళ్లు, వాళ్లతో చెప్పించుకోకు. ఎవరు చనిపోయారు, ఎలా వచ్చారు అని అడిగి రాసుకునేవాళ్లు వచ్చిపోతూనే ఉంటారు. ఒకామె వారాల తరబడి కుట్టు మిషన్ ముందు తల వంచుకుని కుట్టుకునేది, పలకరించినా తల ఊపేది, అంతే. ఓ రోజు దారం ఎక్కిస్తూ తనంతట తానే తన ఊరి చెరువు గురించి మొదలుపెట్టింది. వినడమే మన పని. ఇంకోమాట, ఇక్కడ పుట్టిన పిల్లలకు హిందీ బాగా వస్తుంది కదా అని తల్లి బాధను పిల్లవాడి నోట చెప్పించకు. బస్తీలో నమ్మకమైన పెద్దావిడను వెతుక్కో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అని, కష్టాల్లో ఉన్నవాళ్ల మనసుకు సాయపడే పద్ధతి తెచ్చింది. డాక్టర్లు కానివాళ్లు కూడా శిక్షణ తీసుకుని ఐదు విడతల్లో చేయించవచ్చు. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, చేతిలో ఉన్న సమస్యను విడదీసి చూడటం, తోటివాళ్ల తోడు వెతుక్కోవడం నేర్పుతారు. మానేసిన పనుల్లో చిన్నదాన్ని మళ్లీ మొదలుపెట్టించడం కూడా అందులో ఒక భాగం. పని, మనసు వేరు కావని నేననేది అందుకే. ఆ శిక్షణ ఇప్పించమని మీవాళ్లను గట్టిగా అడుగు.

కుట్టు మిషన్ చేతిలో పెట్టి ఫొటో దిగి వచ్చేస్తే అది మూలన పడుతుంది. ముందు దుకాణం చూడు, తర్వాత కుట్టు నేర్పించు. చీరల ఫాల్స్, పెట్టికోట్లు, స్కూల్ యూనిఫాంలు పీసు లెక్కన ఇచ్చేవాళ్లు ఉంటారు. రేటు, ఇచ్చిన పీసులు ఆమె పుస్తకంలోనూ రాయించు, దుకాణదారు పుస్తకంలోనూ రాయించు. డబ్బు ఆమె చేతికే వచ్చేలా చూడు. మగవాళ్లను నలుగురైదుగురు కలిసి ఒకే మేస్త్రీ దగ్గరికి వెళ్లమను. ఒంటరివాడి కూలి ఎగ్గొట్టినంత సులువుగా గుంపు కూలి ఎగ్గొట్టలేరు.

ఎవరైనా బతకాలని లేదంటే మాట మార్చకు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు, ఒంటరిగా వదలకు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 నీ ఫోన్‌లో పెట్టుకో, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాల్సివస్తే ముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడు. మన ఊళ్లో ఆ పేరును తిట్టులా వాడి వాడి, వాళ్లకూ ఆ భయం అంటుకుంది. నువ్వే వెంట వెళ్లి, మందులు తీసుకుని, తిరిగి ఇంటి దాకా దింపు.

పనిలోకి దిగే ముందు ఒకసారి ఇంటికి రా. ఫాల్స్ పని ఇచ్చే దుకాణాలు నాకు రెండు తెలుసు, తీసుకెళ్లి పరిచయం చేస్తాను.

మీ అత్త