చూసిన బొమ్మలూ, చూడని వాడలూ

ప్రశ్న: పదేళ్లుగా పత్రికలకూ పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేస్తున్నాను. కథ చేతికి రాగానే ముందు ఫోన్‌లో గంటసేపు ఇతరుల బొమ్మలు చూడడం అలవాటు. లోగడ అలా చూస్తే ఏదో ఒక ఊహ తట్టేది. ఇప్పుడు చూసేకొద్దీ చెయ్యి ఆడడం లేదు, వేసిన బొమ్మ కూడా ఎక్కడో చూసినట్టే ఉంటోంది. చిత్రకారులకు స్ఫూర్తి ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు గంటసేపు చూస్తున్నవన్నీ పూర్తయిన బొమ్మలు. ఆ చిత్రకారుడు దేనిని చూసి ఆగిపోయాడో, ఎన్ని గీతలు చెరిపాడో, ఏ రంగు కుదరక వదిలేశాడో అందులో కనిపించదు. వండి వడ్డించిన విస్తరిని ఎంతసేపు చూసినా వంట రానట్టే, ఇదీను. అందువల్ల మీలో ఊహ ఎండిపోయిందని దిగులుపడనక్కరలేదు. చూసే చోటు మార్చుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

చిత్రకారుడు తోట వైకుంఠంగారి సంగతి చూడండి. ఆయన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వంటి గురువు దగ్గర చదువుకున్నారు, దేశదేశాల చిత్రకళను ఎరిగినవారు. అయినా ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది పెద్ద బొట్టూ ముదురు రంగు చీరా కట్టిన తెలంగాణ పల్లె స్త్రీ. కరీంనగర్ ప్రాంతంలోని సొంత ఊరు బూరుగుపల్లిలో చూసిన మనుషులూ, చిన్నతనంలో ఊరికి వచ్చిన నాటక బృందాలలో ఆడవేషం కట్టిన మగవాళ్ల అలంకరణా ఆయన మనసులో నిలిచిపోయాయి. ఆ వేషాలను చూసిన పిల్లలు ఆ ఊళ్లో ఇంకెందరో ఉండి ఉంటారు. వాటిని మరచిపోకుండా, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ గీసినవాడు ఒక్కడే. (ఇప్పుడు హోటల్ గోడల మీద కనిపించే పెద్ద బొట్టు బొమ్మలలో చాలావాటికి మూలం ఆ ఊరు కాదు, ఆయన బొమ్మలే. మీ ఇబ్బందికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.)

అలాగని ఊరు దాటకూడదని కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి, తిరిగి రాజమహేంద్రవరం చేరి, అక్కడే చిత్రకళాశాల పెట్టి శిష్యులను తయారుచేశారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన పేరిట ఆ ఊళ్లో ఉన్న చిత్రశాలకు వీలు చూసుకుని వెళ్లండి. ఫోన్ తెర మీద వేలితో నెట్టేసే బొమ్మకూ, ఎదురుగా నిలబడి పెన్సిలుతో నకలు తీసే బొమ్మకూ పోలిక లేదు. నకలు తీస్తున్నప్పుడు భుజం దగ్గర గీత ఎందుకు ఒంగిందో మన చేతికి తెలుస్తుంది. లేపాక్షి వీరభద్రాలయంలోనూ ఇదే పని చెయ్యవచ్చు. అక్కడి పైకప్పు చిత్రాలలో దేవతల ముఖాలకంటే స్త్రీల చీరల అంచులనూ, మగవారి తలపాగాలనూ పట్టించుకోండి. ఒక్కొక్క చీరకూ ఒక్కొక్క నమూనా ఉంటుంది. మెడ నొప్పి పుడుతుంది, ముందే చెబుతున్నాను.

ఇవన్నీ దూరాభారమైతే మీ ఊళ్లోనే కొత్తవాడ ఉంది. అక్కడ మగ్గాల మీద జంపఖానాలు నేస్తారు. నెలపాటు వారానికి రెండుసార్లు వెళ్లి కూర్చోండి. నేసిన జంపఖానాను కాదు, నేసే చేతులనూ, నూలు ఆరవేసిన తీరునూ, మగ్గం కింద పడే నీడనూ గీయండి. ఫోటోలు మాత్రం వద్దు, ఎందుకంటే ఫోటో తీసిన క్షణం నుంచి మనం చూడడం మానేస్తాం. మొదటి రెండు వారాలు వచ్చే బొమ్మలు పేలవంగానే ఉంటాయి. నావీ అలాగే ఉండేవి. కోట తోరణాల జోలికి ఇప్పట్లో పోకండి, వాటిని ఇప్పటికే అందరూ అన్నిటి మీదా అచ్చు వేశారు.

ప్రశ్న: చేర్యాల నకాశీ బొమ్మల శైలిని నేను పుస్తకాల అట్టలకు వాడుకుంటే అది స్ఫూర్తి అవుతుందా, కాపీ అవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎర్రటి నేపథ్యాన్నీ, కోల కళ్లనూ మాత్రమే ఎత్తుకొస్తే కాపీయే. నకాశీలు, అంటే చేర్యాలలో తరతరాలుగా ఈ బొమ్మల పటాలు గీసే చిత్రకారులు, వాటిని గోడకు తగిలించుకోవడానికి గీయలేదు. పద్మశాలీలకు భావనాఋషి కథ, రజకులకు మడేలు పురాణం, ఇలా ఒక్కొక్క కులానికి దాని పుట్టుక కథను పాడి వినిపించే కళాకారుల కోసం, మూరల కొద్దీ పొడవైన ఖద్దరు గుడ్డ మీద, చింతగింజల అంబలీ సుద్దా పూసి గీశారు. పాట సాగుతుంటే పటం విప్పుకుంటూ పోతారు కనుక కథ వరుసల వారీగా అడ్డంగా నడుస్తుంది. ఆ నడకను అర్థం చేసుకుని, మీ పుస్తకంలోని కథను అలా వరుసలుగా విప్పి చూపగలిగితే, ఎరుపు రంగు లేకపోయినా అది చేర్యాల నుంచి వచ్చిన బొమ్మే. ఆ శైలి యథాతథంగా కావాలనుకుంటే మాత్రం చేర్యాల నకాశీ కుటుంబాల చేతనే వేయించి, తగిన పారితోషికం ఇచ్చి, లోపలి పేజీలో వారి పేరు వేయమని మీ ప్రచురణకర్తకు చెప్పండి.