అనోస్కోపీ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. ఆరోగ్యం మీద రాయడం మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా గుండె గురించో, షుగర్ గురించో రాస్తారు. నువ్వు మలద్వారం లోపలి భాగాన్ని చిన్న గొట్టంతో చూసే అనోస్కోపీ పరీక్షను తీసుకున్నావు. నాకు చాలా సంతోషం వేసింది. నలుగురిలో పైకి చెప్పుకోలేని బాధల గురించి మన భాషలో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపిగ్గా చదువు.

నీ వ్యాసం చదివే మనిషి ఎవరో ముందు నిర్ణయించుకో. అతను వైద్య విద్యార్థి కాదు. కొన్ని వారాలుగా విరేచనంలో రక్తం చూస్తూ, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా, పైల్స్ అయి ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటున్న మనిషి. ఎలాగో ధైర్యం చేసి డాక్టర్ దగ్గరకు వెళ్తే అనోస్కోపీ చేయాలన్నారు. ఇప్పుడతనికి సిగ్గు, భయం రెండూ ఉన్నాయి. నీ వ్యాసం అతన్ని ఆ పరీక్ష బల్ల దాకా నడిపించాలి. ప్రతి వాక్యం దగ్గరా, ఇది అతనికి పనికొస్తుందా అని అడుగు. నిర్వచనంతో మొదలైన నీ మొదటి పేరా అతనికి పనికిరాదు. తీసెయ్.

పరీక్ష జరిగే వరసలోనే చెప్పు. అనోస్కోప్ అంటే 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వెడల్పు ఉన్న గట్టి గొట్టం. ప్లాస్టిక్‌ది అయితే ఒకసారి వాడి పారేస్తారు, స్టీల్‌ది అయితే స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడతారు. కొంతమంది డాక్టర్లు ఈ పరీక్షనే ప్రాక్టోస్కోపీ అంటారు, కాబట్టి ఆ పేరు కూడా ఒకచోట రాయి. సాధారణంగా మత్తు ఇవ్వరు. ముందురోజు నుంచి పస్తులుండటం, పేగు ఖాళీ చేసే మందు తాగడం లాంటివి కూడా ఉండవు. వెళ్లేముందు విరేచనానికి వెళ్లొస్తే చాలు, అరుదుగా ఎనిమా ఇస్తారు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టవైపు ముడుచుకుని పడుకోమంటారు. నడుము కింది భాగం మీద గుడ్డ కప్పుతారు. డాక్టర్ ముందు బయటి చర్మాన్ని చూస్తారు, తర్వాత గ్లౌజ్ వేసుకున్న వేలికి జెల్ రాసుకుని లోపల తడిమి చూస్తారు. ఆ తర్వాతే గొట్టం. దాని లోపల నున్నటి మొన ఉన్న కడ్డీ ఒకటి ఉంటుంది. గొట్టం లోపలికి వెళ్లాక ఆ కడ్డీని తీసేసి, లైటు వేసి చూస్తారు.

నీ చిత్తులో లేనిది, నాకు అతిముఖ్యంగా తోచేది ఒకటుంది. అసలు చూడటమంతా గొట్టాన్ని బయటికి తీసేటప్పుడే జరుగుతుంది. కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ చుట్టూ గోడలన్నీ పరిశీలిస్తారు. మధ్యలో ఒకసారి విరేచనానికి వెళ్లినట్టు ముక్కమంటారు. అలా ముక్కినప్పుడు పైల్స్ ఉబ్బి గొట్టంలోకి దిగివస్తాయి. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ మనిషి టెన్షన్ సగం తగ్గుతుంది. ఎందుకంటే ఆ క్షణంలో నిజంగానే విరేచనం వస్తుందేమో, పరువు పోతుందేమో అని భయపడతాడు. అలా అనిపించడం మామూలేననీ, గొట్టం ఆ గోడల మీద ఒత్తడం వల్లే అలా ఉంటుందనీ రాయి. పరీక్ష మొత్తం కొన్ని నిమిషాలే. నొప్పి పుడితే ఆపమని చెప్పొచ్చు, గదిలో తోడుగా ఒకరు ఉండాలని అడగొచ్చు. ఈ రెండు మాటలూ తప్పకుండా రాయి.

"అస్సలు నొప్పి ఉండదు" అని నువ్వు రాసిన వాక్యాన్ని మాత్రం కొట్టేయమని గట్టిగా చెబుతున్నాను. అది నమ్మి వెళ్లిన మనిషికి కాస్త నొప్పి కలిగినా, నీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. చాలామందికి ఒత్తిడిగా, ఇబ్బందిగా ఉంటుంది తప్ప నొప్పి ఉండదన్నది నిజం. కానీ ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక, ఉన్నవాళ్ల సంగతి వేరు. దానికి కారణం తెలిస్తే నీ వ్యాసానికే బలం వస్తుంది. మలద్వారం లోపలి దారి సుమారు 4 సెంటీమీటర్లు. ఆ దారి మధ్యలో డెంటేట్ లైన్ అనే గీత ఉంటుంది. గీతకు కింద, అంటే బయటివైపు ఉన్న పొరకు మన చర్మానికి ఉన్నట్టే నొప్పి తెలిపే నరాలు ఉంటాయి. గీతకు పైన ఒత్తిడి తెలుస్తుంది గానీ, కోత, గుచ్చడం లాంటి నొప్పి తెలియదు. లోపలి పైల్స్ గీతకు పైన పుడతాయి కాబట్టే చాలాసార్లు నొప్పి లేకుండానే రక్తం పోతుంది. ఫిషర్ గీతకు కింద వచ్చే చీలిక కాబట్టే విరేచనానికి వెళ్లిన ప్రతిసారీ ప్రాణం పోయినంత పని అవుతుంది. అలాంటి కొత్త ఫిషర్ బయటికే కనిపిస్తుంటే డాక్టర్లు గొట్టం జోలికి వెళ్లకుండా, ముందు మందులిచ్చి, మానాక పరీక్ష చేస్తారు. తప్పనిసరైతే మత్తు ఇచ్చి చేస్తారు.

ఈ గీత సంగతి ఒక్కటి అర్థమైతే వైద్యం కూడా అర్థమవుతుంది. అనోస్కోప్‌లోంచే లోపలి పైల్స్‌కి చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తప్రసరణ ఆగి, ఆ ముడి కొన్ని రోజుల్లో ఎండి రాలిపోతుంది. బ్యాండు గీతకు పైన వేస్తారు. వేయగానే తీవ్రమైన నొప్పి పుడితే బ్యాండు గీతకు మరీ దగ్గరగానో, కిందో పడి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. పాఠకుడు గుర్తుపెట్టుకుని వాడుకోగల సమాచారం ఇలాంటిది.

ఇక నీ చిత్తులో నన్ను నిజంగా కలవరపెట్టిన చోటు. "రక్తస్రావానికి కారణం అనోస్కోపీతో తేలిపోతుంది" అని రాశావు. అది ప్రమాదకరమైన వాక్యం. ఈ గొట్టంతో మలద్వారం, పురీషనాళం చివరి భాగం మాత్రమే కనిపిస్తాయి. పెద్దపేగు సుమారు మీటరున్నర పొడవు ఉంటుంది. అక్కడ పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఉన్నా, క్యాన్సర్ ఉన్నా అనోస్కోప్‌కి తెలియదు. పైల్స్, పేగు క్యాన్సర్ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. పైల్స్ కనబడ్డాయి కదా అని అక్కడితో వెతకడం ఆపేస్తే అసలు జబ్బు ముదురుతుంది. రక్తహీనత, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనం తీరు మారడం, కుటుంబంలో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం లాంటివి ఉంటే, పెద్దపేగు మొత్తాన్ని కెమెరా గొట్టంతో చూసే కొలొనోస్కోపీ గురించి డాక్టర్‌ని అడగమని స్పష్టంగా రాయి. ఈ పేరాను చివరికి నెట్టకు. చివరిదాకా చదివేవాళ్లు తక్కువ.

హై రిజల్యూషన్ అనోస్కోపీ గురించి విడిగా ఒక పేరా చాలు. అందులో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలచగా పూసి, పెద్దది చేసి చూపే కాల్పోస్కోప్‌తో పరీక్షిస్తారు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల మారిన కణాలున్న చోటు తెల్లబడి బయటపడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మలద్వార క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అమెరికాలో 35 ఏళ్లు దాటిన హెచ్ఐవీ బాధితుల మీద చేసిన యాంకర్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. క్యాన్సర్‌కు ముందుదశలో ఉన్న ఆ మార్పులకు వైద్యం చేస్తే, క్యాన్సర్ దాకా వెళ్లేవాళ్లు 57 శాతం తగ్గారని అందులో తేలింది. ఈ అంకె వాడు, కానీ ఎవరి మీద చేసిన అధ్యయనమో కూడా అదే వాక్యంలో చెప్పు. లేకపోతే అందరూ ఈ పరీక్ష చేయించుకోవాలేమో అనుకుంటారు.

పరీక్ష తర్వాతి సంగతులు రెండు వాక్యాల్లో ముగించు. కాస్త రక్తం చుక్కలు కనబడొచ్చు, అదే రోజు పనికి వెళ్లొచ్చు. రక్తం ఆగకుండా పోతున్నా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి.

తిరగరాశాక ఈ పరీక్షలు రోజూ చేసే సర్జన్ ఒకరికి చూపించు. వైద్యంతో సంబంధం లేని మనిషి ఒకరి చేత కూడా చదివించి, ఏ వాక్యం దగ్గర ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో అడుగు. ఆ వాక్యాలు సరిచేసి నాకు పంపు. వచ్చిన రోజే చూస్తాను.