ఇంట్లో ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా?

ప్రశ్న: యానిమేషన్ చదువుతున్న మా అబ్బాయికి ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో డెస్క్‌టాప్ కట్టిస్తున్నాం. షాపతను 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా) ఉండాల్సిందే అంటున్నాడు. ఇంట్లో పాతది, 450 వాట్లది ఉంది. అది చాలదా? 750 పెడితే కరెంటు బిల్లు పెరగదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు బిల్లు టెన్షన్ వదిలేయండి. బావిలో ఎన్ని నీళ్లున్నా చేదకు పట్టినన్నే పైకొస్తాయి. 750 పెట్టినా మీ మెషీన్ తనకు కావలసినంతే లాగుతుంది.

ఇక లెక్క. ఈ ప్రాసెసర్‌కు 65 వాట్లని చెబుతారు గానీ, గట్టిగా పనిచేసేటప్పుడు ఇంటెల్ లెక్కలోనే 117 దాకా వెళ్తుంది. కార్డుకు 170. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి నేను 60 వేసుకుంటాను. మొత్తం 347. కార్డు రెప్పపాటు సేపు తన అంకె దాటి లాగుతూ ఉంటుంది కాబట్టి చోటు వదలాలి. మంచి 550 చాలు. ఆ కార్డు చిప్ చేసే ఎన్విడియా కూడా 3060కి అంతే చెబుతోంది. రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650 తీసుకోండి. 750 అంటే షాపతను మోసం చేస్తున్నట్టు కాదు, మీకు అవసరం లేదంతే.

నా భయమల్లా ఆ పాత 450 గురించే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో రిపేర్లు చేసే రోజుల్లో ఒకాయన మెషీన్ తెచ్చాడు. రెండర్ (యానిమేషన్‌ను చివరి బొమ్మలుగా, వీడియోగా తయారుచేసే పని) మొదలెట్టగానే స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అయ్యేది. ర్యామ్ మార్చాను, విండోస్ రెండుసార్లు ఎక్కించాను. మూడో రోజుకి గానీ ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చూడాలన్న బుద్ధి పుట్టలేదు. పైన పెద్దక్షరాల్లో 450. కింద 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192 వాట్లు! ప్రాసెసర్, కార్డు తినేది ఆ 12 వోల్టుల నుంచే. మిగతా వాట్లన్నీ 5, 3.3 వోల్టుల గడుల్లో కూర్చోబెట్టినవి, ఇప్పటి మెషీన్లకు వాటితో పెద్దగా పని లేదు. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది.

మీరూ ఆ స్టిక్కర్ చూడండి. 12 వోల్టులకు రెండు గడులుంటే వాటిని కూడకండి, రెండింటికీ కలిపి ఇచ్చిన వాట్లే అసలు లెక్క. మంచి 550లో ఇవి 500 దాటి ఉంటాయి. కార్డుకు పెట్టే 8 పిన్నుల వైరు కూడా దానికే ఉండాలి. లేదని మోలెక్స్ (పాత డిస్కులకు పెట్టే 4 పిన్నుల వైరు) నుంచి కన్వర్టర్ తగిలించారా, ప్లాస్టిక్ కరిగిన వాసన ముందు మీకే వస్తుంది.

యూపీఎస్ సంగతి మీరు రాయలేదు. ఎస్‌ఎంపీఎస్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి, 347 వాట్లు ఇవ్వడానికి 80 ప్లస్ బ్రాంజ్ (ఆ వృథా తక్కువని ఇచ్చే గుర్తు) ఉన్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి 410 దాకా తీసుకుంటుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. రెండర్ మధ్యలో కరెంటు పోతే అది కుయ్యిమని ఆగిపోతుంది. 1000 వీఏ చూడండి, కొనేముందు దాని మీద కూడా వాట్లెన్నో చదవండి.